చెక్క చెక్కే మెషీన్ హోమింగ్‌లో మొండికేస్తే: ఏది ముందు చూడాలి, ఏది ముట్టుకోకూడదు

హోమింగ్ అంటే మెషీన్ తన లిమిట్ స్విచ్‌లను తాకి తన మొదటి చోటును కనుక్కోవడం. హోమ్ బటన్ నొక్కగానే గ్యాంట్రీ (బిట్‌ను మోసుకుని కదిలే చట్రం) అంచు దాకా వెళ్లి గరగరమంటూ కొట్టుకుంటుంది. లేదంటే సగం దారిలో ఆగిపోయి అలారం చూపిస్తుంది. ఒక్కోసారి కదలనే కదలదు. చూడ్డానికి మూడు వేర్వేరు జబ్బులే అయినా వెతికే వరస మాత్రం ఒకటే. ముందు స్విచ్, తర్వాత దిశ, ఆపైన దూరం, వేగం, అన్నీ అయ్యాక నాయిస్ (వైర్లలోకి దూరే దొంగ సిగ్నల్). ఈ వరస తప్పి సెట్టింగులు ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే ఒక తప్పును ఇంకో తప్పు కప్పేస్తుంది. సాయంత్రానికి అసలు జబ్బు ఏదో కూడా గుర్తుండదు.

ఇక్కడ చెప్పేదంతా జీఆర్‌బీఎల్ 1.1 (మెషీన్‌ను నడిపే ఫర్మ్‌వేర్, అంటే బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) నడిచే బోర్డుల గురించి. అంటే ఆర్డ్యునో ఊనో మీద కూర్చునే సీఎన్‌సీ షీల్డ్ (మోటారు డ్రైవర్లు దిగే పై బోర్డు), 3018 రకం చిన్న మెషీన్లతో వచ్చే బోర్డులు, వాటి మీద ఇంట్లో కట్టుకున్న రౌటర్లు. కమాండ్లలో అక్షరాలను పలికినట్టు తెలుగులో రాశాం, కంప్యూటర్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి. $హెచ్ అంటే డాలర్ గుర్తు, పక్కన హెచ్. డాలర్ పక్కన అంకె ఉంటే అది సెట్టింగ్ నంబరు.

మొదలుపెట్టే ముందు

బిట్ (చెక్కే మొన) తీసేయండి. స్పిండిల్ (బిట్‌ను తిప్పే మోటారు) ప్లగ్ కూడా తీసేయండి, స్విచ్ ఆపితే చాలదు. పవర్ ఆపి, లీడ్ స్క్రూను చేత్తో తిప్పి మూడు యాక్సిస్‌లనూ మధ్యకు తెచ్చుకోండి. బెల్ట్ మెషీన్ అయితే గ్యాంట్రీని మెల్లగా తొయ్యాలి. విసురుగా తోస్తే మోటారు జనరేటర్‌లా పనిచేసి, దాన్ని నడిపే డ్రైవర్ చిప్‌లోకి కరెంటు తోస్తుంది, చిన్న డ్రైవర్లు దానికే పోతాయి.

తర్వాత $$ కొట్టి, వచ్చిన సెట్టింగుల జాబితా మొత్తం కాపీ చేసి ఒక ఫైల్‌లో దాచండి. రెండు నిమిషాల పని ఇది. తర్వాత ఏ నంబరు మార్చి చెడగొట్టుకున్నా వెనక్కి రావడానికి ఉన్న ఒకే దారి ఈ ఫైల్. $21=0 కొట్టి హార్డ్ లిమిట్స్ (పని మధ్యలో స్విచ్ తగిలితే మెషీన్‌ను ఆపేసే కాపలా) కాసేపు ఆపి ఉంచండి, పని అయ్యాక మళ్లీ పెట్టుకుందాం.

మోటార్లకు కరెంటు లేకుండా స్విచ్‌ల పరీక్ష

12 లేదా 24 వోల్టుల సప్లై ఆపేసి, యూఎస్‌బీ వైరు ఒక్కటే పెట్టండి. బోర్డు మెదడుకు యూఎస్‌బీ కరెంటు చాలు. మోటార్లకు మాత్రం ఏమీ అందదు కాబట్టి మెషీన్ కదిలే ప్రసక్తే లేదు. మామూలు లిమిట్ స్విచ్‌లను ఇలా ఎంతసేపైనా భయం లేకుండా పరీక్షించుకోవచ్చు.

మెషీన్‌కు కమాండ్లు పంపే క్యాండిల్, యూజీఎస్ లాంటి సాఫ్ట్‌వేర్లు స్టేటస్‌ను తమకు నచ్చిన తీరులో చూపిస్తాయి. ఈ పరీక్షకు ఆర్డ్యునో ఐడీఈలోని సీరియల్ మానిటర్ శుభ్రంగా ఉంటుంది. వేగం 115200 పెట్టి ప్రశ్న గుర్తు పంపండి. యాంగిల్ బ్రాకెట్ల మధ్య ఒక లైను వస్తుంది. అందులో మెషీన్ స్థితి, మూడు యాక్సిస్‌ల అంకెలు ఉంటాయి. ఇప్పుడు ఎక్స్ స్విచ్ లివర్‌ను పుల్లతో నొక్కిపట్టి మళ్లీ ప్రశ్న గుర్తు పంపండి. లైను చివర పీఎన్ అని, దాని పక్కన ఎక్స్ అక్షరం రావాలి. వదిలేసి మళ్లీ పంపితే పోవాలి. వై, జెడ్ కూడా ఇలాగే చూడండి. ఒక్కో స్విచ్‌ను కనీసం 10 సార్లు నొక్కి వదలండి. తొమ్మిది సార్లు పలికి పదోసారి పలకని స్విచ్, పూర్తిగా చచ్చిన స్విచ్ కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

నొక్కకుండానే అక్షరం ఉండి, నొక్కితే పోతోందా? స్విచ్, వైరింగ్ రెండూ బాగున్నట్టే. $5 (స్విచ్ సిగ్నల్‌ను తిరగేసే సెట్టింగ్) ఒక్కటే తిరగబడి ఉంది. 0 ఉంటే 1 చేయండి, 1 ఉంటే 0 చేయండి.

ఎక్స్ నొక్కితే వై అని వస్తోందా? బోర్డు దగ్గర కనెక్టర్లు తారుమారయ్యాయి.

నొక్కినా ఏమీ రాకపోతే మల్టీమీటర్ తీయండి. కంటిన్యుటీలో పెట్టి, బోర్డు నుంచి పీకిన కనెక్టర్ రెండు పిన్నుల మీద మొనలు ఆన్చి స్విచ్ నొక్కండి. బీప్ మారాలి. ఇక్కడ మారకుండా స్విచ్ కాళ్ల దగ్గర మారుతోందంటే మధ్యలో వైరు తెగింది. తెగే చోటు ఎక్కువగా కేబుల్ చెయిన్ మలుపులోనో, స్విచ్ సోల్డర్‌కు అర సెంటీమీటరు ఇవతలనో ఉంటుంది. పైన ప్లాస్టిక్ తొడుగు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది, లోపల రాగి పోగులు మాత్రం విరిగిపోయి ఉంటాయి. అందుకే వైరును అటూ ఇటూ వంచుతూ బీప్ వినాలి. కదలకుండా పెట్టి చూస్తే బాగున్నట్టే అనిపిస్తుంది.

మల్టీమీటర్ బాగుందంటోంది, బోర్డు మాత్రం జెడ్‌ను చూడటం లేదు. సీఎన్‌సీ షీల్డ్ మూడో వెర్షన్ వాడేవాళ్లలో చాలామంది రోజులు పోగొట్టుకునేది ఇక్కడే. షీల్డ్ మీద జెడ్ లిమిట్ అని అచ్చు వేసిన పిన్ను ఆర్డ్యునో 11వ నంబరుకు వెళుతుంది. జీఆర్‌బీఎల్ 0.9 నుంచి స్పిండిల్ వేగం నియంత్రణ కోసం 11ను వాడుకుని, జెడ్ లిమిట్‌ను 12కు మార్చేశారు. షీల్డ్ అచ్చు పాతదిగానే ఉండిపోయింది. కాబట్టి జెడ్ స్విచ్ సిగ్నల్ వైరును స్పిండిల్ ఎనేబుల్ అని రాసి ఉన్న పిన్నుకు పెట్టాలి. ఎక్స్ 9కి, వై 10కి వెళతాయి, వాటిలో మార్పు లేదు.

మామూలు మైక్రోస్విచ్‌కు మూడు కాళ్లుంటాయి: కామన్, ఎన్‌ఓ, ఎన్‌సీ. నొక్కినప్పుడు కలిసేది ఎన్‌ఓ, నొక్కినప్పుడు విడిపోయేది ఎన్‌సీ. మా మాట ఎన్‌సీకే. ఎన్‌ఓలో వైరు తెగితే బోర్డుకు ఆ సంగతే తెలియదు. స్విచ్ ఎప్పటికీ నొక్కుకోలేదనుకుని గ్యాంట్రీని అంచుకేసి కొడుతుంది. ఎన్‌సీలో వైరు తెగిన క్షణమే స్విచ్ నొక్కినట్టు కనిపిస్తుంది, మెషీన్ కదలకుండా మొరాయిస్తుంది. మొరాయించడమే మేలు. ఎన్‌సీకి మార్చుకుంటే కామన్, ఎన్‌సీ కాళ్లు వాడి $5=1 పెట్టండి. ఈ సెట్టింగ్ మూడు యాక్సిస్‌లకూ కలిపి ఒకటే కాబట్టి మూడూ ఒకే రకంగా ఉండాలి. రెండు ఎన్‌ఓ, ఒకటి ఎన్‌సీ అంటే కుదరదు.

ఒక యాక్సిస్‌కు రెండు చివర్లా స్విచ్‌లు పెట్టుకున్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. బోర్డులో యాక్సిస్‌కు ఒక పిన్నే ఉంటుంది. ఎన్‌ఓ స్విచ్‌లైతే రెండింటినీ ప్యారలల్‌గా, ఎన్‌సీ అయితే సిరీస్‌లో కలపాలి. ఎన్‌సీని ప్యారలల్‌గా కలిపితే ఒకటి తెరుచుకున్నా రెండోది సర్క్యూట్‌ను పట్టి ఉంచుతుంది, బోర్డుకు ఏదీ కనబడదు.

లివర్ కింద పొడి

స్విచ్ పలికినట్టే పలికి మధ్యలో ఇరుక్కుంటుంటే దాన్ని విప్పి వెలుతురులో పట్టుకుని చూడండి. నల్లటి ప్లాస్టిక్ పెట్టె, దాని మీద పలుచటి రేకు లివర్, రేకు కింద గింజంత బటన్. ఆ బటన్ చుట్టూ, లివర్ కీలు దగ్గర గోధుమరంగు పొర పేరుకుని ఉంటుంది. ఎండాకాలంలో అది ఊదితే పోయే పొడి. జూన్ దాటి వానలు పడ్డాక గాలిలో తడికి ఆ పొడే పేస్టులా బిగుసుకుంటుంది. ఎండీఎఫ్ పొడి అన్నిటికన్నా మెత్తన, ఎక్కడికైనా దూరుతుంది. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి చెక్క పొడి తేలిగ్గా ఉండి గాల్లో తేలి పైనున్న జెడ్ స్విచ్ దాకా చేరుతుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి దాని పొడి అంటుకుంటుంది.

మెత్తటి బ్రష్‌తో దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన పుల్లతో కీలు తుడవండి. నూనె వేయొద్దు, తర్వాత పడే పొడినంతా ఆ నూనే పట్టుకుంటుంది. శుభ్రం చేసినా బటన్ బద్ధకంగా పైకి వస్తుంటే స్విచ్ మార్చేయండి. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో రోలర్ లివర్ మైక్రోస్విచ్ అని అడిగితే ఇస్తారు. ఒకటి కాదు, అయిదు తెచ్చుకోండి. కొనేముందు ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని నొక్కి చూడండి, టిక్కుమన్న చప్పుడు తెగినట్టు వినిపించాలి. స్విచ్ పట్టీకి అలెన్ బోల్టులు, స్ప్రింగ్ వాషర్లు కావాలంటే రాణిగంజ్ వెళ్లండి. గ్లూ గన్‌తో అతికించిన స్విచ్‌ను నమ్మొద్దు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు వేడికి ఆ గ్లూ మెత్తబడి స్విచ్ జారుతుంది.

ప్రాక్సిమిటీ సెన్సర్ (తాకకుండానే లోహాన్ని పసిగట్టేది) వాడితే పొడి బెడద పోతుంది గానీ రెండు జాగ్రత్తలున్నాయి. 12 మిల్లీమీటర్ల లావున్న మామూలు ఎన్‌పీఎన్ సెన్సర్ 4 మిల్లీమీటర్ల దూరం అని చెప్పేది ఇనుముకు. అల్యూమినియం ఎదురుగా పెడితే ఆ దూరం సగానికి పైగా పడిపోతుంది. గ్యాంట్రీ పట్టీ అల్యూమినియమైతే దానికి ఒక ఇనుప బోల్టు బిగించి దాన్ని సెన్సర్ ముందుకు తీసుకురండి. రెండోది అసలు ప్రమాదం. ఈ సెన్సర్లలో చాలావాటికి లోపలే పుల్‌అప్ (సిగ్నల్ వైరును సప్లై వోల్టేజీకి లాగే రెసిస్టర్) ఉండటం వల్ల నల్ల వైరు మీద సప్లై వోల్టేజీ కనబడుతుంది. గోధుమ వైరును 24 వోల్టులకు, నీలాన్ని గ్రౌండుకు పెట్టి, నల్ల వైరును ఎక్కడా కలపకుండా మల్టీమీటర్‌తో కొలవండి. ఇనుము ముందున్నప్పుడూ లేనప్పుడూ రెండుసార్లూ కొలవాలి. 5 వోల్టులు దాటితే దాన్ని నేరుగా ఆర్డ్యునోకు పెట్టకూడదు, పిన్ను కాలిపోతుంది. మధ్యలో పీసీ817 లాంటి ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ను వెలుతురు ద్వారా దాటించే చిప్) బోర్డు పెట్టండి.

దిశ: $3 వేరు, $23 వేరు

స్విచ్‌లు మూడూ నమ్మకంగా పలికాకే మోటార్ల సప్లై వేయండి. ఇప్పుడూ హోమ్ నొక్కొద్దు. $ఎక్స్ కొట్టి లాక్ తీసి, జాగ్ బటన్లతో (సాఫ్ట్‌వేర్‌లో మెషీన్‌ను కొంచెం కొంచెం కదిపే బటన్లు) ఒక్కో యాక్సిస్‌ను 5 మిల్లీమీటర్లు కదపండి. ఎక్స్ ప్లస్ నొక్కితే బిట్ మీ కుడికి వెళ్లాలి. వై ప్లస్ నొక్కితే బిట్ మీకు దూరంగా వెళ్లాలి. బెడ్ కదిలే 3018 లాంటి మెషీన్‌లో అయితే బెడ్ మీ వైపుకు వస్తుంది, రెండూ ఒకటే. జెడ్ ప్లస్ అంటే పైకి.

ఏదైనా తిరగబడితే దాన్ని $3తో సరిచేయండి. ఎక్స్‌కు 1, వైకి 2, జెడ్‌కు 4. తిప్పాల్సిన వాటిని కూడి వచ్చిన మొత్తం పెట్టాలి. ఎక్స్, జెడ్ రెండూ తిప్పాలంటే $3=5.

జాగ్ సరిగ్గా ఉన్నాకే హోమింగ్ దిశ. జీఆర్‌బీఎల్ సొంత అలవాటు ప్రకారం జెడ్ పైకి, ఎక్స్ కుడికి, వై అవతలికి వెళ్లి స్విచ్‌లను వెతుకుతుంది. మీ స్విచ్‌లు ఎడమ, ఇవతల మూలలో ఉంటే $23=3. లెక్క అదే, 1, 2, 4.

హోమింగ్ తప్పు దిక్కుకు పోతుంటే చాలామంది $3 మార్చేస్తారు. హోమింగ్ బాగైపోతుంది, సంబరపడతారు. తర్వాత ఇంటి ముందు పెట్టే నేమ్ బోర్డు చెక్కితే అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తాయి. పలక పోయాక గానీ తప్పు తెలియదు. జాగ్ సరిగ్గా ఉంటే $3 జోలికి పోకూడదు.

ఇప్పుడు $22=1 పెట్టి, ఒక చేయి మెషీన్ పవర్ స్విచ్ మీద ఉంచుకుని $హెచ్ కొట్టండి. $22 సున్నాగా ఉంటే ఎర్రర్ 5 వస్తుంది, అది జబ్బు కాదు, హోమింగ్ ఆన్ చేయలేదనే. ముందు జెడ్ ఒక్కటే కదలాలి. అది స్విచ్‌కు చేరే లోపే రెండో చేత్తో పుల్లతో జెడ్ స్విచ్ నొక్కండి. జెడ్ ఆగి, కొంచెం వెనక్కి తగ్గి, మళ్లీ మెల్లగా వస్తుంది. ఆ మెల్లగా వచ్చేటప్పుడు ఇంకోసారి నొక్కండి. తర్వాత ఎక్స్, వై కలిసి కదులుతాయి. వాటికీ ఇలాగే చేయండి. ఇలా గాల్లోనే ఒకసారి హోమింగ్ పూర్తి చేయించాక గానీ నిజమైన స్విచ్ దాకా వెళ్లనివ్వొద్దు. అనుకోని దిక్కుకు కదిలితే కంట్రోల్-ఎక్స్ రీసెట్ కొట్టండి, తడబడితే పవర్ ఆపేయండి.

జెడ్‌కు స్విచ్ పెట్టుకోని మెషీన్‌లో మొదటి అడుగులోనే అలారం ఖాయం. జీఆర్‌బీఎల్ జెడ్ స్విచ్ దొరకనిదే ఎక్స్, వై వైపు చూడదు. కాన్ఫిగ్ ఫైల్‌లో హోమింగ్ వరస మార్చి, ఎక్స్, వై మాత్రమే ఉంచి ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించుకోవచ్చు. కానీ జెడ్ స్విచ్ బిగించడమే సరైన పని. బిట్ చెక్కలోకి దిగి ఉన్నప్పుడు కరెంటు పోయి వచ్చిందనుకోండి. ముందు జెడ్ పైకి లేవకుండా ఎక్స్, వై కదిలితే పలక మీద అడ్డంగా గీత పడుతుంది, బిట్ కూడా విరగొచ్చు.

అలారం ఎక్కడ వచ్చిందో చూడండి

అలారం 9 అంటే స్విచ్ దొరకలేదని. ఆ నంబరు కన్నా గ్యాంట్రీ ఎక్కడ ఆగిందన్నది ఎక్కువ చెబుతుంది.

అంచుకు కొట్టుకుని, మోటారు గరగరమని, తర్వాత వస్తే స్విచ్ పలకలేదు, లేదా దిక్కు తప్పు. పైన రెండూ చూసేశారు కాబట్టి లివర్‌కు తగలాల్సిన పట్టీ నిజంగా తగులుతోందా చూడండి. పట్టీ లివర్ పక్క నుంచి జారిపోవడం, స్విచ్ నొక్కుకునే లోపే గ్యాంట్రీ వేరే బోల్టుకు తట్టి ఆగిపోవడం మామూలే. స్విచ్ నొక్కుకున్నాక ఇంకా 2 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి.

కొట్టుకోకుండా, స్విచ్‌కు చాలా ఇవతల మెల్లగా ఆగి వస్తే దూరం లెక్క తప్పు. జీఆర్‌బీఎల్ స్విచ్ కోసం గరిష్ఠ ప్రయాణ దూరానికి ఒకటిన్నర రెట్లు వెతికి ఆగిపోతుంది. ఆ దూరం $130, $131, $132లో ఉంటుంది, ఫ్యాక్టరీ విలువ 200. అంటే 300 మిల్లీమీటర్లు వెతుకుతుంది. మీ మెషీన్ ఎక్స్ 600 ఉండి గ్యాంట్రీ అవతలి చివర ఉంటే సగం దారిలోనే ఆగిపోతుంది. టేపుతో కొలిచి అసలు దూరం పెట్టండి.

దూరం సరిగ్గా ఉన్నా ఇదే జరుగుతుంటే $100 నుంచి $102 దాకా ఉన్న స్టెప్స్ (ఒక మిల్లీమీటరుకు ఎన్ని స్టెప్పులో చెప్పే అంకె) చూడండి. మామూలు స్టెప్పర్ ఒక చుట్టుకు 200 స్టెప్పులు, 16 మైక్రోస్టెప్‌తో 3200. లీడ్ స్క్రూ ఒక చుట్టుకు 8 మిల్లీమీటర్లు జరిపితే 400, 4 జరిపితే 800 రావాలి. 800 ఉండాల్సిన చోట 250 ఉంటే, 300 మిల్లీమీటర్ల మెషీన్ 450 వెతికానని అనుకుంటుంది గానీ నిజంగా కదిలేది 140 చిల్లరే.

ఇక మూడో రకం. దారి మధ్యలో టక్కున ఆగి, ఒక మిల్లీమీటరు వెనక్కి వచ్చి, కొంచెం ముందుకు మెల్లగా పాకి, అప్పుడు అలారం 9. ప్రతిసారీ వేరే చోట. ఇది చాలావరకు నాయిస్. వైరులోకి దూరిన నాయిస్‌ను బోర్డు స్విచ్ అనుకుంది, రెండోసారి మెల్లగా వెతికితే అక్కడ స్విచ్ లేదు. ఈ రెండో వెతుకులాట పుల్ ఆఫ్ దూరానికి ($27, స్విచ్ దొరికాక వెనక్కి తగ్గే దూరం) అయిదు రెట్ల లోపే ఆగిపోతుంది. ఈ తీరు గుర్తుపట్టిన వాళ్లు స్విచ్‌లు మార్చే ఖర్చు తప్పించుకుంటారు.

అలారం 8 సులువు. స్విచ్ దొరికాక వెనక్కి తగ్గినా అది వదల్లేదని అర్థం. $27 సాధారణంగా 1 మిల్లీమీటరు ఉంటుంది, పొడుగు లివర్‌కు చాలదు. 2 లేదా 3 పెట్టండి. అప్పటికీ వస్తే లివర్ కింద పొడి, లేదా లివర్ వంగిపోయింది.

అలారం 6 అంటే హోమింగ్ మధ్యలో రీసెట్ కొట్టారు, అంతే.

వేగం

$25 స్విచ్‌ను వెతికే వేగం, $24 రెండోసారి తాకే వేగం. లీడ్ స్క్రూ మెషీన్‌కు $25 నిమిషానికి 500 నుంచి 800 మిల్లీమీటర్లు, బెల్ట్ మెషీన్‌కు 1000 నుంచి 1500 చాలు. $24ను 25 నుంచి 50 మధ్య ఉంచండి. హోమింగ్‌లో స్విచ్ తగలగానే జీఆర్‌బీఎల్ మెల్లగా ఆపదు, ఒక్కసారిగా పల్సులు ఆపేస్తుంది. బరువైన గ్యాంట్రీ ఆ ఊపుకు ముందుకు జారి స్విచ్ శరీరాన్నే గుద్దుతుంది.

బయల్దేరగానే మోటారు కూతపెట్టి కదలకపోతే వేగమో, $120 నుంచి $122 దాకా ఉండే యాక్సిలరేషనో ఎక్కువైంది. లేదా డ్రైవర్ కరెంటు తక్కువ. ఏ4988 డ్రైవర్ మీద సెన్స్ రెసిస్టర్లు 0.1 ఓమ్ ఉంటే, 1 ఆంపియర్‌కు విరెఫ్ (డ్రైవర్ మీది చిన్న స్క్రూతో సరిచేసే వోల్టేజీ) 0.8 వోల్టులు. డీఆర్‌వీ8825 డ్రైవర్‌కు 1 ఆంపియర్ అంటే 0.5 వోల్టులు. సప్లై వేసి ఉండగా మోటారు వైరు ఎన్నడూ పీకొద్దు.

నాయిస్

పని నడుస్తుండగా ఉన్నట్టుండి అలారం 1 (హార్డ్ లిమిట్ తగిలిందని) రావడం, పైన చెప్పినట్టు హోమింగ్ దారి మధ్యలో ఆగిపోవడం, రెండింటికీ మూలం ఒకటే. బోర్డు లోపలి పుల్‌అప్ 20 నుంచి 50 కిలో ఓమ్‌ల బలహీనమైనది. మీటరు పొడవు స్విచ్ వైరు దానికి తోడై యాంటెన్నాలా పనిచేస్తుంది.

ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడానికి ఇలా చేయండి. $21=1 పెట్టి, బిట్ లేకుండా ఒక డిజైన్‌ను గాల్లో 15 నిమిషాలు నడపండి, స్పిండిల్ ఆపి. అలారం రాకపోతే స్పిండిల్ వేసి ఇంకో 15 నిమిషాలు. అదీ బాగుంటే వ్యాక్యూమ్ కూడా వేసి ఇంకోసారి. ఏది వేసినప్పుడు అలారం మొదలైందో అదే దొంగ.

స్పిండిల్ అయితే: దాని వైరును స్విచ్ వైర్లతో ఒకే కట్టలో కట్టకండి, కనీసం 5 సెంటీమీటర్లు ఎడం ఉంచండి. రెండూ దాటుకోక తప్పని చోట అడ్డంగా దాటించండి. స్విచ్‌కు వెళ్లే రెండు వైర్లను మెలిపెట్టండి, లేదా షీల్డ్ (చుట్టూ లోహపు తొడుగు) ఉన్న కేబుల్ వాడి, షీల్డ్‌ను బోర్డు వైపు మాత్రమే గ్రౌండుకు కలపండి. రెండు వైపులా కలిపితే షీల్డ్ నుంచే నాయిస్ వస్తుంది. బోర్డు దగ్గర సిగ్నల్‌కు, గ్రౌండుకు మధ్య 104 అని రాసి ఉన్న సెరామిక్ కెపాసిటర్, సిగ్నల్‌కు, 5 వోల్టులకు మధ్య 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ సోల్డర్ చేయండి. స్విచ్ దగ్గర కాదు, బోర్డు దగ్గరే. మామూలు ఇంటి మెషీన్‌లో చాలావరకు ఈ రెండు ముక్కలతోనే గోల ఆగిపోతుంది. ఆగకపోతే ఆప్టోకప్లర్.

వ్యాక్యూమ్ అయితే: పొడి గాలి ప్లాస్టిక్ పైపులో దూసుకుపోతుంటే స్టాటిక్ పోగవుతుంది. డిసెంబర్ నుంచి వేసవి దాకా హైదరాబాద్ గాలి పొడిగా ఉన్నప్పుడు ఇది ఎక్కువ. చేతి వెంట్రుకలు పైపు వైపు నిక్కబొడుచుకుంటే అనుమానం అక్కర్లేదు. పైపు పొడవునా ఇన్సులేషన్ లేని సన్నని రాగి తీగ చుట్టి, ఒక చివర ఎర్త్‌కు కలపండి.

ఎర్త్ అనేది గోడలో ఉందా అన్నది వేరే ప్రశ్న. పాత ఇళ్లలో, బాల్కనీకి లాగిన ఎక్స్‌టెన్షన్ బోర్డుల్లో మూడో పిన్ను ఉత్తదే కావచ్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించుకోండి. మెషీన్ ఫ్రేమ్‌కు, స్పిండిల్ బాడీకి నిజమైన ఎర్త్ ఉండాలి. ఇది అలారం కోసమే కాదు, మీ ప్రాణం కోసం.

$26 పెంచితే నాయిస్ తగ్గుతుందన్న సలహా తరచుగా వినబడుతుంది. తగ్గదు. అది హోమింగ్‌లో స్విచ్ తగిలాక కాసేపు ఆగే సమయం మాత్రమే. దాన్ని ఫ్యాక్టరీ విలువ 250 మిల్లీసెకన్ల దగ్గరే వదిలేయండి.

హోమ్ అవుతోంది, కానీ ఒకేచోటికి కాదు

బెడ్ మీద డయల్ గేజ్ పెట్టి, దాని మొన గ్యాంట్రీకి తగిలే చోటికి జాగ్ చేసి అంకె రాసుకోండి. $హెచ్ కొట్టి, అదే చోటికి మళ్లీ వచ్చి చూడండి. అయిదుసార్లు చేయండి. చెక్క పనికి 0.1 మిల్లీమీటరు లోపల తేడా ఉంటే చాలు, బాగున్న మైక్రోస్విచ్ 0.05 లోపే ఇస్తుంది.

అంకెలు అటూ ఇటూ చెదిరిపోతుంటే స్విచ్, దాని పట్టీ, లేదా $24 మరీ ఎక్కువ. ప్రతిసారీ ఒకే వైపు జరిగిపోతుంటే స్విచ్‌ను వదిలేసి కప్లర్ (మోటారును లీడ్ స్క్రూకు కలిపే ముక్క) చూడండి. మోటారు షాఫ్ట్ మీద, లీడ్ స్క్రూ మీద మార్కర్‌తో ఒకే గీత గీసి పది నిమిషాలు నడపండి. గీత రెండుగా విడిపోయిందంటే కప్లర్‌ను బిగించే గ్రబ్ స్క్రూ వదులైంది. షాఫ్ట్‌కు చదును ఉంటే స్క్రూ దాని మీదే కూర్చోవాలి.

వైకి రెండు మోటార్లుండి స్విచ్ ఒకటే ఉన్నప్పుడు గ్యాంట్రీ ఒరిగిపోయినా హోమింగ్‌కు తెలియదు. పవర్ వేసే ముందు గ్యాంట్రీని రెండు వైపులా ఒకే ఎత్తు చెక్క దిమ్మలకు ఆనించి సరిచేసుకోవాలి.

అన్నీ కుదిరాక

హోమింగ్ అయ్యాక మెషీన్ అంకెలు మైనస్‌లో కనిపిస్తే కంగారు పడకండి. $27=1 ఉంటే మామూలు మూలలో మైనస్ 1 వస్తుంది. $23=3 పెట్టి, ఎక్స్ ప్రయాణం 300 ఉంటే ఎక్స్ మైనస్ 299 అంటుంది. జీఆర్‌బీఎల్ పనిచోటంతా మైనస్ వైపే లెక్కిస్తుంది, మీ పలక సున్నాను మీరు విడిగా పెట్టుకుంటారు.

ఇప్పుడు $21=1, తర్వాత $20=1 (ప్రయాణ దూరం దాటనివ్వని సాఫ్ట్ లిమిట్స్) పెట్టండి. $22 ఆన్‌లో లేకుండా $20 పెడితే ఎర్రర్ 10 వస్తుంది. ఆఖరున $$ మళ్లీ కొట్టి, కొత్త జాబితాను కాగితం మీద ప్రింట్ తీసి, కంట్రోల్ బాక్స్ మూత లోపలి వైపు అతికించండి. బోర్డు మార్చాల్సి వచ్చిన రోజు లాప్‌టాప్ మారిపోయినా ఆ కాగితం అక్కడే ఉంటుంది.